తేలే బురదకు ఓజోన్ కత్తెర: ఒక పాల కర్మాగారం ఈటీపీ (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) డైరీ

నవంబరు 6

ఏరేషన్ ట్యాంకు (గాలి ఊది, బురదలోని బ్యాక్టీరియా చేత వ్యర్థజలాన్ని శుభ్రం చేయించే ట్యాంకు) నీళ్లు లీటరు జాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచితే బురద అడుగుకు దిగి పైన తేట నిలవాలి. మంచి రోజుల్లో మాకు బురద 350 గీత దగ్గర ఆగేది. ఈ రోజు 880. పైన నాలుగు వేళ్ల తేట, అంతే. రాత్రి షిఫ్టు ఆపరేటర్ అబ్బాయి జాడీని కొద్దిగా వంచి చూసి, "సార్, పెరుగు తోడుకున్నట్టు ఉంది" అన్నాడు. పాల కర్మాగారంలో పనిచేసేవాడి నోటి నుంచి ఇంతకంటే సరైన పోలిక రాదు.

ఎంఎల్‌ఎస్‌ఎస్, అంటే ట్యాంకులోని బురద గాఢత, లీటరుకు 2,900 మిల్లీగ్రాములు. 880ని 2.9తో భాగిస్తే ఎస్‌వీఐ 303. ఒక గ్రాము ఎండు బురద అరగంట తర్వాత ఎన్ని మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుందో ఈ సంఖ్య చెబుతుంది. 1934లో మోల్‌మన్ పెట్టిన కొలత ఇది, ఇప్పటికీ మా లాంటి వాళ్లకు ఇదే నాడి. 100 చుట్టూ ఉంటే నిశ్చింత, 150 దాటితే జాగ్రత్త. 303 అంటే క్లారిఫయర్ (బురద దిగి నీళ్లు తేటపడే ట్యాంకు) అంచు మీదుగా బురద పొర్లడానికి సిద్ధంగా ఉందని అర్థం. నిజానికి నిన్న సాయంత్రమే కాస్త పొర్లింది. బయటికి వెళ్లే నీటిలో తేలే ఘనపదార్థం లీటరుకు 180 మిల్లీగ్రాములు వచ్చింది. మా అనుమతి పత్రంలో పరిమితి 100.

ఈ డైరీ కృష్ణా డెల్టాలో ఉన్న ఒక మధ్యస్థాయి పాల కర్మాగారానిది. రోజుకు 250 ఘనపు మీటర్ల వ్యర్థజలం, 500 ఘనపు మీటర్ల ఏరేషన్ ట్యాంకు, ఒక క్లారిఫయర్. శుద్ధి చేసిన నీళ్లలో కొంత కొబ్బరి చెట్లకు, మిగతాది కాలువలోకి. ఆ కాలువ కింద పొలాలున్నాయి. కాబట్టి బురద పొర్లితే మాకంటే ముందు రైతులకు తెలుస్తుంది.

నవంబరు 9

గట్టిగా తోడుకున్న బురదను అలాగే జాడీలో కొలిస్తే గోడల ఒత్తిడి వల్ల కొలత తప్పుతుంది. అందుకని మూడు వంతుల తేట నీళ్లు కలిపి మళ్లీ కొలిచాను. 160 గీత. నాలుగుతో హెచ్చించి 2.9తో భాగిస్తే 220. ఇది కాస్త నిజాయితీ గల సంఖ్య, అయినా చెడ్డదే.

మైక్రోస్కోపు కింద చుక్క వేసి చూస్తే కారణం కళ్లకు కట్టింది. బురద రేణువుల నుంచి అన్ని వైపులకూ దారాలు పొడుచుకొచ్చాయి, కొబ్బరి పీచు విప్పి చల్లినట్టు. ఒక రేణువు దారం పక్క రేణువును పట్టుకుంటుంది, రెండూ దగ్గరకు చేరలేవు, కిందికీ దిగలేవు. వీటినే తంతు బ్యాక్టీరియా అంటారు. దారాల్లో తొడుగు కనబడలేదు, కణాలు పూసల దండలా గుచ్చినట్టున్నాయి, కొన్నింటి లోపల మెరిసే గంధకం రేణువులు. నెదర్లాండ్స్‌లో ఎకెల్‌బూమ్ 1970లలో తయారు చేసిన వర్గీకరణ పట్టికతో పోల్చితే 021ఎన్ రకానికి దగ్గరగా ఉంది. సల్ఫైడ్ ఉన్న, కుళ్లిన వ్యర్థజలం అంటే దీనికి ప్రీతి.

కుళ్లిన నీళ్లు ఎక్కడివి? దసరా, దీపావళి గిరాకీకి పనీరు బ్యాచ్‌లు పెంచారు. పనీరు తీయగా మిగిలే తేట నేరుగా మా ఈక్వలైజేషన్ ట్యాంకులోకి, అంటే వచ్చిన వ్యర్థజలాన్ని ముందుగా నిలిపి కలిపే ట్యాంకులోకి, వస్తోంది. ఆ తేటలో బీఓడీ, అంటే దాన్ని కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్, లీటరుకు 30 నుంచి 50 గ్రాములు ఉంటుంది. అంటే వెయ్యి లీటర్లు పంపితే 30 నుంచి 50 కిలోలు. మా ప్లాంటు మొత్తానికి రోజుకు వచ్చేది 250 కిలోలు. ఆదివారం ఉత్పత్తి తక్కువ కాబట్టి అది అక్కడే నిలిచి పులుస్తుంది. ట్యాంకు మూత దగ్గర సల్ఫైడ్‌ను పట్టిచ్చే లెడ్ ఎసిటేట్ కాగితం పట్టుకుంటే నిమిషంలో నల్లబడింది.

కారణం తెలిసిపోయింది కదా, అది సరిచేస్తే చాలదా అని మేనేజరు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తేటను మళ్లించడానికి పైపులు, ట్యాంకు, కొనేవాళ్లు కావాలి. దానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా పొర్లకుండా ఆపాలి. రెండేళ్ల కిందట ఇలాంటి పరిస్థితిలోనే బ్లీచింగ్ ద్రావణం పోశాం. చవక, దారాలు చచ్చాయి కూడా. కానీ మోతాదు మించి వారం రోజులు తెల్లని నీళ్లు బయటికి వెళ్లాయి, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కూడా దారాలతో పాటే పోయింది. పైగా కొబ్బరి చెట్లకు పోసే నీళ్లలో క్లోరైడు పెంచడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈసారి ఓజోన్, మూడు ఆక్సిజన్ పరమాణువుల ఘాటు వాయువు. 1980లలో దక్షిణాఫ్రికాలో ఈ పనికి దీన్ని వాడి చూశారు. పని చేసే తీరు తేలికగానే అర్థమవుతుంది: రేణువు లోపలి బ్యాక్టీరియాకు చుట్టూ జిగురు రక్షణ ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన దారానికి ఉండదు. ఓజోన్ బురదలో ఎక్కువసేపు నిలవదు, తగిలిన చోటే ఖర్చయిపోతుంది. కాబట్టి ముందుగా తగిలేది దారానికే. కంచె మొక్కలను పైపైన కత్తిరించినట్టు.

నవంబరు 15

బల్ల మీద పరీక్ష. నీళ్ల ట్యాంకుల శుద్ధికి అమ్మే చిన్న ఓజోన్ యంత్రం ఒకటి తెచ్చాను. దాని మీద గంటకు 5 గ్రాములు అని రాసి ఉంది. నమ్మలేదు. రెండు సీసాల్లో పొటాషియం అయోడైడ్ ద్రావణం పోసి, వాయువును ఒకదాని తర్వాత ఒకటిగా వాటి గుండా పంపి, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, థయోసల్ఫేటుతో టైట్రేషన్ చేశాను. గంజి పొడి ద్రావణం వేసిన నీలం రంగు పోయేసరికి లెక్క తేలింది: గంటకు 3 గ్రాములు. నిమిషానికి 50 మిల్లీగ్రాములన్నమాట.

20 లీటర్ల డబ్బాలో బురద తీసుకున్నాను. ఎండు బరువు 58 గ్రాములు. కిలో బురదకు 2 గ్రాముల ఓజోన్ ఇవ్వాలంటే 116 మిల్లీగ్రాములు, అంటే రెండు నిమిషాల ఇరవై సెకన్లు. ఇలా నాలుగు డబ్బాలు, నాలుగు మోతాదులు.

ఒక గ్రాముకు జాడీ 840 దగ్గర ఆగింది. రెండు గ్రాములకు 760. నాలుగు గ్రాములకు 640, కానీ పైన తేట కొద్దిగా మసకబారింది, 12 ఎన్‌టీయూ (మసకను కొలిచే ప్రమాణం) ఉన్న మసక 35కు పెరిగింది. ఎనిమిది గ్రాములకు 600 వచ్చింది గానీ తేట అన్న మాటే పోయింది, 80 ఎన్‌టీయూ, బియ్యం కడిగిన నీళ్ల లాగా. రేణువులే పగిలి లోపలి సరుకు నీళ్లలోకి వచ్చేసింది. బురద పరిమాణాన్నే తగ్గించాలనుకునేవాళ్లు కిలోకు 30 గ్రాములు, ఆ పైన వాడతారు. మనకు కావలసింది అది కాదు.

నాలుగు గ్రాములు బాగుందని నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఈ వాక్యం తర్వాత నన్ను నెల రోజులు తప్పుదారి పట్టించింది.

నవంబరు 27

అద్దె మీద పెద్ద యంత్రం వచ్చింది. ఆక్సిజన్ తయారు చేసే పీఎస్‌ఏ, దాని పక్కన గంటకు 100 గ్రాముల ఓజోన్ జనరేటర్. నేనేమో పాత అలవాటు కొద్దీ సీసాలు పట్టుకుని వెళ్లాను. తెచ్చినాయన నవ్వాడు, "ప్లేటు మీద రాసి ఉంది కదండీ" అన్నాడు. సీసాల్లో తేలింది 62.

అప్పుడు ఆయన నవ్వు ఆగింది. చూస్తే యంత్రాన్ని చల్లబరిచే నీళ్లు 34 డిగ్రీలున్నాయి. యంత్రంలో ఓజోన్ పుట్టే గది వేడెక్కితే పుట్టిన ఓజోన్ అక్కడే విచ్ఛిన్నమవుతుంది. పాల కర్మాగారంలో చల్లని నీటికి కొదవా! చిల్లింగ్ ప్లాంటు నుంచి ఒక గొట్టం లాగాం. మొదట దాన్ని అలాగే వదిలితే యంత్రం బయట చెమట పట్టి విద్యుత్ పెట్టె మీద బొట్లు పడ్డాయి. మామూలు నీటితో కలిపి 18 డిగ్రీల దగ్గర నిలిపాక సీసాలో 88 వచ్చింది. అంతకు మించి రాలేదు, ఇక పట్టుబట్టలేదు.

గంటకు 88 అంటే రోజుకు 2.1 కిలోలు. మా ట్యాంకులో, క్లారిఫయర్లో కలిపి దాదాపు 1,600 కిలోల బురద ఉంది. కిలోకు రోజుకు 1.3 గ్రాములు. బల్ల మీద చూసిన నాలుగు గ్రాములకు మూడో వంతు. అయినా రోజూ ఇస్తాం కాబట్టి కూడుకుంటుందనుకున్నాను.

డిసెంబరు 1 నుంచి 14

క్లారిఫయర్ నుంచి తిరిగొచ్చే బురద లైనులో వెంచురీ, అంటే ప్రవాహంలోకి వాయువును లాక్కునే సన్న మెడ గొట్టం, బిగించాం. అక్కడ బురద చిక్కగా ఉంటుంది, పైపు ఉంది, పంపు ఉంది, అదనపు ఖర్చు లేదు.

రెండో రోజే వెంచురీ మూసుకుపోయింది. విప్పితే పాల ప్యాకెట్ల మూలల ముక్కలు, నీలివీ ఆకుపచ్చవీ, వరసగా పేర్చినట్టు. బుట్ట జల్లెడ పెట్టాం. అయిదో రోజు గదిలో వాసన. మా ఫిట్టర్ బాబాయి ముక్కు ఎగబీల్చి, "జిరాక్స్ షాపు వాసన, బాబూ" అన్నాడు. నాన్ రిటర్న్ వాల్వులో ఉన్న మామూలు రబ్బరు రింగు ఎండు చెరువు నేల లాగా పగుళ్లు తేలి ఉంది. ఓజోన్‌కు రబ్బరు అంటే పగ. అన్ని రింగులూ తీసేసి విటాన్, టెఫ్లాన్ వేశాం. మొదటి రోజే అడగవలసిన సంగతి.

అందరికీ ఆ రోజు ఒక మాట గట్టిగా చెప్పాను. వాసన రాలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. ముక్కు ఈ వాసనకు త్వరగా అలవాటు పడిపోతుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు పరిమితి 0.1 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 0.1 వంతు), అంత తక్కువ దగ్గరే గొంతు గరగర మొదలవుతుంది. 5 పీపీఎం అంటే ప్రాణానికే ప్రమాదం. పైగా గాలికంటే బరువు, వాల్వు గుంతల్లో చేరుతుంది. గోడకు మోకాలి ఎత్తులో మానిటర్ బిగించాం. అది కూయగానే జనరేటర్ దానంతట అదే ఆగేలా తీగ కలిపాం.

ఇక ఫలితం. పద్నాలుగు రోజుల తర్వాత ఎస్‌వీఐ 303 నుంచి 271. అంతే. బురద గాఢతలో వచ్చిన చిన్న తేడాకే అంత మార్పు రావచ్చు, కాబట్టి దాన్ని విజయం అనలేను. మైక్రోస్కోపు కింద విచిత్రంగా ఉంది: కొన్ని రేణువుల చుట్టూ దారాలు తెగి ముక్కలయ్యాయి, పక్కనే ఉన్న రేణువు దారాలు చెక్కుచెదరలేదు. పొలంలో ఒక మడికి మందు కొట్టి పక్క మడిని వదిలేసినట్టు.

డిసెంబరు 15

నిద్ర పట్టక రాత్రి కాగితం తీశాను. తిరిగి వచ్చే బురద ప్రవాహం రోజుకు 375 ఘనపు మీటర్లు. గాఢత లీటరుకు 4.8 గ్రాములు. అంటే రోజుకు 1,800 కిలోల బురద వెంచురీ గుండా వెళుతోంది. మొత్తం ఉన్నది 1,600. భాగిస్తే 1.1.

అదీ సంగతి! ఒక్కో రేణువు సగటున రోజుకు ఒకసారి మాత్రమే ఓజోన్‌ను చూస్తోంది. సగటు ఒకటి అంటే కొన్ని రెండుసార్లు, కొన్ని అసలే లేదు. ఆ మిగిలిపోయినవి ఇరవై నాలుగు గంటలు హాయిగా పెరుగుతున్నాయి. క్లోరిన్‌తో ఇదే పని చేసేవాళ్లకు పాత సూత్రం ఒకటుంది, ప్రతి రేణువూ రోజుకు కనీసం మూడుసార్లు మోతాదు చోటును దాటాలని. ఆ సూత్రం నాకు తెలుసు. తెలిసీ లెక్క వేయలేదు, ఎందుకంటే డబ్బాలో నాలుగు గ్రాములు బాగున్నాయి. డబ్బాలో ప్రతి రేణువుకూ ఓజోన్ తగిలింది కదా, తగలక చస్తుందా!

యంత్రం చిన్నదై కాదు, తగిలే అవకాశం చిన్నదై మందు పారలేదు. మాలాగా పెద్ద ట్యాంకు, తక్కువ ప్రవాహం ఉన్న ప్లాంట్లన్నింటికీ ఈ చిక్కు ఉంటుంది. మరింత పెద్ద జనరేటర్ తెచ్చి అదే లైనులో పెట్టి ఉంటే ఆ ఒక్కసారి వెళ్లిన రేణువులు పగిలి నీళ్లు తెల్లబడేవి, దారాలు అలాగే ఉండేవి.

డిసెంబరు 20

మూల పడి ఉన్న అయిదు హార్స్‌పవర్ పంపును బయటికి తీశాం. ఏరేషన్ ట్యాంకు నుంచే నేరుగా బురద నీళ్లు లాగి, రెండో వెంచురీ గుండా పంపి, తిరిగి ట్యాంకు రెండో మూలకు వదులుతాం. గంటకు 45 ఘనపు మీటర్లు. ఈ దారిన రోజుకు 3,100 కిలోలు, పాత లైనులో 1,800. కలిపితే రోజుకు మూడుసార్లు.

వాయువును రోటామీటర్లతో (వాయు ప్రవాహాన్ని కొలిచే గొట్టాలతో) పంచాం, పాత లైనుకు ముప్పై శాతం, కొత్త దారికి డెబ్బై. ఒక్కో చోట నీటికి తగిలేది లీటరుకు రెండు మిల్లీగ్రాముల లోపే. ఫిట్టర్ బాబాయికి ఇది నచ్చలేదు. "అంత పలచగా పోస్తే ఏం చస్తాయి బాబూ, ఒక్కసారే గట్టిగా ఇవ్వక" అన్నాడు. నెల కిందట నా ఆలోచనా అదే కాబట్టి ఎదురు చెప్పలేదు.

డిసెంబరు 24

ఓజోన్, బురద నీళ్లు కలిసే కాంటాక్ట్ గొట్టం పైనుంచి నురగ ఎగదన్ని, మిగిలిన ఓజోన్‌ను చంపే మాంగనీస్ డయాక్సైడ్ డబ్బాలోకి వెళ్లింది. తడిసిన ఉత్ప్రేరకం పని చేయదు. మానిటర్ కూసింది, జనరేటర్ ఆగింది, తీగ కలిపినందుకు ఆ రోజు సంతోషించాను. గొట్టం ఎత్తు పెంచి, పైన నురగ మీద నీళ్లు చిలకరించే చిన్న నాజిల్ పెట్టి, వాయువు వెళ్లే దారికి వెచ్చని తీగ చుట్టాం. ఒకరు బొగ్గు డబ్బా పెట్టండి, చవక అని సలహా ఇచ్చారు. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న వాయువులో ఓజోన్ తగిలితే బొగ్గు వేడెక్కి అంటుకోవచ్చు. వద్దన్నాను.

జనవరి 2

ఎస్‌వీఐ 214.

పద్నాలుగు రోజులు పట్టింది 271 నుంచి ఇక్కడికి. 021ఎన్‌కు తొడుగు లేకపోవడం మన అదృష్టం. తొడుగున్న రకమైతే లోపలి కణం చచ్చినా ఖాళీ తొడుగు దారంలాగే అడ్డుపడుతుంది, పాత బురదను తీసివేసే దాకా కొలత దిగదు. ఇక్కడ దారాలు తెగి, మధ్యలో కణాలు మాయమై, చుక్కల గీతల్లా కనబడుతున్నాయి.

మింగుడుపడని విషయం కూడా ఉంది. అమ్మోనియా నత్రజని లీటరుకు 1.5 నుంచి 7 మిల్లీగ్రాములకు ఎక్కింది. గంట ఆకారంలో కాడ మీద ఊగే వోర్టిసెల్లాలు అనే సూక్ష్మజీవులు మైక్రోస్కోపులో కనబడటం మానేశాయి. బురదకు దెబ్బ తగులుతోందని ఇవి ముందే చెబుతాయి. మోతాదును గంటకు 88 నుంచి 60కి తగ్గించాను. జనరేటర్ ఎంత ఇవ్వగలదన్నది వదిలేసి, వోర్టిసెల్లాలు ఎంత ఓర్చుకోగలవో చూసి నడపడం మేలనిపించింది.

జనవరి 12

వోర్టిసెల్లాలు తిరిగొచ్చాయి. రెండు చుక్కల్లో మూడు. అమ్మోనియా 3.

జనవరి 21

ఎస్‌వీఐ 151. బురద దిగుతోంది కాబట్టి గాఢత 3,300కు పెంచగలిగాం, జాడీలో 500 గీత. బయటి నీళ్లలో ఘనపదార్థం 38. క్లారిఫయర్లో బురద మట్టం మీటరున్నర కిందికి దిగింది. రాత్రి షిఫ్టు అబ్బాయి జాడీ ఫోటో తీసి పంపాడు, కింద "మజ్జిగ అయింది సార్" అని రాశాడు.

ఖర్చు కూడా రాయాలి. పీఎస్‌ఏ, జనరేటర్, అదనపు పంపు కలిపి ఏడు కిలోవాట్లు, రోజుకు 170 యూనిట్లు. యూనిట్ 8 రూపాయల లెక్కన దాదాపు 1,400 రూపాయలు, అద్దె కాక. బ్లీచింగ్ ద్రావణం దీనికంటే చవక. ఈ మాట దాచి ఓజోన్‌ను పొగడటం నాకు చేతకాదు. చెట్లకు నీళ్లు పోయని ప్లాంటు అయితే, మోతాదు మీద చేయి అదుపులో ఉంటే, నేను కూడా క్లోరిన్ గురించే ముందు ఆలోచిస్తాను. అప్పుడైనా మూడుసార్ల లెక్క వేసుకున్నాకే.

జనవరి 30

తేట మళ్లింపు పూర్తయింది. పనీరు గది నుంచి విడి పైపు, అయిదు వేల లీటర్ల స్టీలు ట్యాంకు. పశువుల దాణా తయారు చేసే ఆయన రోజు విడిచి రోజు ట్యాంకరు పంపుతున్నాడు. ఈక్వలైజేషన్ ట్యాంకు అడుగున గాలి గొట్టాలు వేశాం, ఆదివారాలు కూడా ఆపం. లెడ్ ఎసిటేట్ కాగితం పది నిమిషాలు పట్టుకున్నా తెల్లగానే ఉంది.

అదే సాయంత్రం ఓజోన్ ఆపేశాను. నడిపిస్తూ ఉంటే తగ్గింది దేనివల్లో ఎప్పటికీ తెలియదు. మేనేజరు గారికి భయం. "బాగున్నదాన్ని ఎందుకండీ కదపడం?" అన్నారు. యంత్రం ఇక్కడే ఉంటుంది, పైపులు విప్పను, ఎస్‌వీఐ రెండు వందలు దాటితే ఆ రాత్రే మొదలుపెడతాను అని మాటిచ్చాను.

ఫిబ్రవరి 11

ఓజోన్ ఆగి పన్నెండు రోజులు. ఎస్‌వీఐ 151, 146, 149, 138, ఈ రోజు 132. చుక్కలో దారాలున్నాయి, కానీ రేణువు లోపలే, ఇంటి కప్పుకు దూలం లాగా. అలా కొన్ని ఉండాలి కూడా, లేకపోతే రేణువుకు పట్టు ఉండదు.

అద్దె నెల 27తో ముగుస్తుంది. మరో నెలకు పొడిగించమని ఉత్తరం రాశాను. శివరాత్రి, ఆ వెనుక పెళ్లిళ్ల రోజులు వస్తున్నాయి. పనీరు గది వాళ్లు బ్యాచ్‌లు ఎన్ని పెంచుతారో ఇంకా చెప్పలేదు. అయిదు వేల లీటర్ల ట్యాంకు నిండితే తేట ఏ పైపులోకి పోతుందో ఆ పైపు మీద ఈ మధ్యాహ్నం ఫిట్టర్ బాబాయి చేత వాల్వు మూయించి తాళం వేయించాను. తాళంచెవి నా దగ్గరుంది.